కొత్త చిన్న కార్లు ఎవరి మీద ఇంత కోపంగా ఉన్నాయి?

ప్రశ్న: పెరంబూరు మాటిజ్

అందరికీ నమస్కారం. చెన్నైలో పెరంబూరు దగ్గర ఉంటాం. మొన్నమొన్నటి దాకా మా ఇంటి కారు మాటిజ్. దాన్ని చేసిన కంపెనీ దేశంలో కనుమరుగైన తర్వాత కూడా నాన్న పుదుపేట దుకాణాల్లో వెతికి సామాను తెచ్చి మరీ నడిపారు. ఇప్పుడు అడుగు రేకు తుప్పు పట్టిపోయింది, మెకానిక్ చేతులెత్తేశాడు. కొత్తది కొనక తప్పదు. నడిపేది ఎక్కువగా నేనే, కానీ ఒప్పుకోవలసింది నాన్న. ఆయన ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలకు వెల్డింగ్ చేసి రిటైరైన మనిషి. షోరూంలో అమ్మే అబ్బాయి టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలో వర్ణిస్తుంటే, ఈయన వెనక్కి వెళ్లి తలుపు మీద వేలితో కొట్టి చూస్తుంటారు.

మైలేజీ, ఎయిర్‌బ్యాగులు, నెలవారీ వాయిదాలు అన్నీ చూసుకున్నాం. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. నేనడిగేది రూపం గురించి మాత్రమే. స్విఫ్ట్, ఆల్ట్రోజ్, ఐ20, ఎక్స్‌టర్ చూశాం. ప్రతిదాని ముందూ నిలబడి నాన్న అన్నది ఒకే మాట: "దీనికి ఎవరి మీద ఇంత కోపం?" నాకూ అలాగే అనిపించింది. పై దీపాలు కళ్లు చిట్లించినట్టు సన్నగా ఉంటాయి. కొన్నింట్లో అసలు దీపాలు బంపర్‌లోకి దిగిపోయాయి. ముందంతా గ్రిల్, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్. కూరగాయలు తెచ్చుకునే బండికి ఇంత వీరావేశం ఎందుకు?

ఇవన్నీ ఒకే మూసలోకి ఎలా వచ్చాయి? పదేళ్ల తర్వాత కూడా చూడబుద్ధయ్యేది వీటిలో ఏది? కార్ల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు చెప్పండి.


జవాబు: స్విఫ్ట్ పిచ్చోడు, ఆవడి

రెండో ప్రశ్నకు జవాబు స్విఫ్ట్. చర్చ అనవసరం, అయినా మొదలవుతుందని తెలుసు.

2005లో మొదటి స్విఫ్ట్ వచ్చేనాటికి మనకు చిన్న కారంటే 800, ఆల్టో, శాంత్రో, వ్యాగన్ ఆర్. వాటి మధ్య ఇది ముందు అద్దానికి రెండు పక్కలా నల్లటి స్తంభాలతో, నాలుగు మూలలకూ జరిపిన చక్రాలతో, బరువంతా వెనక చక్రాల మీద వేసి కూర్చున్నట్టు కనిపించింది. ఆ కూర్చున్న తీరు నాలుగు తరాలుగా పోలేదు. మధ్యలో 2018 మోడల్‌లో వెనక తలుపు పిడిని కిటికీ పక్కన స్తంభంలో దాచారు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారులా కనబడాలని ఆశ. 2024లో మళ్లీ బుద్ధిగా తలుపు మీదికే తెచ్చారు. ఇంజను గురించి నాకున్న ఫిర్యాదు చాలా పెద్దది, కానీ రాయవద్దన్నారు కాబట్టి మింగేస్తున్నాను.


జవాబు: అంబత్తూరు డైమేకర్

అమ్మా, నేను అంబత్తూరు ఎస్టేట్‌లో డైలు చేసి తల నెరిసిన వాణ్ణి. తలుపులు, బానెట్లు, ఫెండర్ల రేకును నొక్కే అచ్చులు మా పని. ఎవరికి చేశామో చెప్పను. మీ నాన్నగారు తలుపు మీద వేలితో కొట్టి చూస్తారని రాశారు చూడండి, అందుకే ఈ జవాబు. ముఖం చూసి కారుకు మార్కులు వేసేవాళ్లతో నాకు మొదటి నుంచీ పడదు.

ముందు ఆ కోపం సంగతి. కారు ముఖంలో రేకు దాదాపు ఉండదు. బానెట్ అంచు దిగాక కింద కనిపించేదంతా ప్లాస్టిక్. బంపర్, గ్రిల్, చివరికి దీపం మీద గాజు అనుకునేది కూడా ప్లాస్టిక్కే. దాని అచ్చు మార్చడం, రేకు డై మార్చడంతో పోలిస్తే చాలా చవక. ఒక తలుపు పైరేకు తయారు కావాలంటే డైలు వరుసగా ఉండాలి. ఒకటి రేకును లాగి ఆకారం ఇస్తుంది, ఒకటి మిగులు కత్తిరిస్తుంది, ఇంకొకటి అంచులు వంచుతుంది, మరొకటి పిడికి రంధ్రం పొడుస్తుంది. ఒక్కొక్కటీ టన్నుల బరువు. ఆ ఖర్చు రాబట్టాలంటే అదే తలుపును ఏళ్ల తరబడి అమ్మాలి. అందుకే మూడు నాలుగేళ్లకోసారి కొత్తదని వచ్చే కారును పక్క నుంచి చూస్తే పాత తలుపులు, పాత పైకప్పే ఉంటాయి. డబ్బు దొరికేది ముఖానికే. ప్రతివాడూ ఆ ఒక్క చోటే అరవాలి, పక్కవాడి కంటే గట్టిగా అరవాలి. మీ నాన్నగారికి వినిపించింది ఆ అరుపే.

ముక్కు ఎత్తు పెరగడానికి వేరే కారణం ఉంది, అది మంచిదే. పాదచారుల భద్రత నిబంధనలు వచ్చాక, మనిషి తల బానెట్‌కు తగిలితే రేకు లొంగాలి, కింద ఇంజను అడ్డురాకూడదు. అంటే రేకుకూ ఇంజనుకూ మధ్య ఖాళీ ఉండాలి, బానెట్ పైకి లేవాలి. అసలు కార్లే పొడుగెక్కాయి. పాత జెన్ ఎత్తు 1.4 మీటర్లు. ఇప్పటి పంచ్ 1.6 దాటింది. అంత ఎత్తు ముందు భాగాన్ని ఖాళీగా వదిలితే గోడలా ఉంటుంది కాబట్టి గ్రిల్‌తో, గీతలతో నింపుతున్నారు. ఎల్‌ఈడీ వల్ల దీపం ఎంత చిన్నదైనా చేయవచ్చు. పగటి దీపాన్ని పైన సన్నని గీతగా పెట్టి, అసలు దీపాన్ని బంపర్ మూలకు దింపారు. మన ఊళ్లో బంపర్ మూల అంటే సిగ్నల్ దగ్గర బైకులు ఒరుసుకునే చోటు. వేళచ్చేరిలోనైతే నవంబరులో నీళ్లు నిలిచే ఎత్తు. గీసినవారు ఆ నెలలో ఇటు వచ్చినట్టు లేరు.

ఇక అన్నీ ఒకే మూసలో ఎందుకున్నాయంటే, ఆ మూస చేసింది ఆర్థిక శాఖ. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కు తగ్గించారు. చిన్న కారంటే పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకూడదు. 2008లో ఇండిగో సీఎస్ తోక కత్తిరించుకుని ఆ గీత లోపలికి దూరింది. అదే ఏడాది 4160 మిల్లీమీటర్లతో వచ్చిన డిజైర్ 2012కల్లా 3995కు కుంచించుకుంది. ఆ డిజైర్ డిక్కీని పక్క నుంచి చూసిన ప్రతిసారీ, వాక్యం పూర్తికాకముందే గంట కొట్టిన పరీక్ష పేపరు గుర్తొస్తుంది నాకు. ఇవాళ కొలిచి చూడండి. బాలెనో 3990, ఆల్ట్రోజ్ 3990, ఐ20 3995, నెక్సాన్ 3995, వెన్యూ 3995, కైలాక్ 3995. కంపెనీలు వేరు, దేశాలు వేరు, టేపు ఒక్కటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ కొలతలో ఉన్నవాటికి జీఎస్‌టీ 18 శాతం, దాటితే 40. ఇక ఆ గీత దాటాలని ఎవరికుంటుంది?

పొడవు పెంచే వీలు లేదు. కొనేవాడికేమో లోపల చోటు కావాలి, బయట పెద్ద బండిలా కనబడాలి. కాబట్టి కారు పైకి పెరిగింది. అలా పెరిగిన పొట్టి కారు పక్క నుంచి డబ్బాలా ఉంటుంది. చక్రాల చుట్టూ, గుమ్మం కింద నల్ల ప్లాస్టిక్ వేస్తే కంటికి రేకు ఎత్తు తగ్గుతుంది. నల్ల పైకప్పు, వెనక స్తంభం మీద నల్ల ముక్క చేసే పనీ అదే. మోసమని అనను, పొట్టివాళ్లు నిలువు గీతల చొక్కా వేసుకోరా? అద్దంలా మెరిసే ఆ నల్ల ప్లాస్టిక్‌ను మాత్రం క్షమించలేను. గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గీతలు పడుతుంది.

అందుకని ముఖం వదిలేసి తలుపు దగ్గరికి రండి. పైరేకు మందం 0.7 మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది. అంత పలుచని రేకును బల్లపరుపుగా వదిలితే బొటనవేలితో నొక్కగానే టక్కుమని లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది. తలుపు మీద గీత అందానికే కాదు, ఆ రేకుకు బిగువు ఇవ్వడానికి కూడా. దాన్ని ఎంత పదునుగా తీయగలిగారన్నదే మా పనిలో పరువు. పదును ఎక్కువ కోరితే లాగేటప్పుడే రేకు చిరుగుతుంది. చిరగకపోయినా డైలోంచి తీయగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది, దాన్ని ముందే లెక్కగట్టి డై చెక్కాలి. మంచి పనితనం ఉన్న కారులో ఆ గీత ఫెండర్ నుంచి తలుపుకు, తలుపు నుంచి వెనక రేకుకు దాటేటప్పుడు తొణకదు. లేని కారులో తలుపు సందు దగ్గర కాస్త కుదుపు కనిపిస్తుంది. ఒకసారి చూడటం అలవాటైతే మళ్లీ చూడకుండా ఉండలేరు, ముందే హెచ్చరిస్తున్నాను.

మీరు చెప్పిన నాలుగింటిలో నా ఓటు ఆల్ట్రోజ్‌కు. 2020 నుంచి ఉన్న కారు, అయినా పక్క నుంచి చూస్తే కిటికీల కింద సాగే భుజం రేఖ తిన్నగా వెళ్లి వెనక చక్రం మీద నిండుగా ఉబ్బుతుంది. 2025లో దాన్ని మార్చినప్పుడు ముందు తలుపులకు రేకులో కలిసిపోయే పిడులు పెట్టారు. అంటే తలుపు పైరేకును కూడా మార్చక తప్పదు. ముఖం మార్చి చేతులు దులుపుకోకుండా తలుపు ముట్టుకున్నారు, ఆ ధైర్యానికి నా నమస్కారం. ఆ పిడి నాకు నచ్చలేదు, అది వేరే విషయం. ఐ20 పక్కన గీతలు ఎక్కువ. ఒక్కొక్కటీ చక్కగానే తీశారు, కానీ ఒకదాన్ని చూడనివ్వకుండా ఇంకొకటి అడ్డొస్తుంది. స్విఫ్ట్ వెనక భాగం బాగుంటుంది, ఆవడి అబ్బాయితో అంతవరకు ఒప్పుకుంటాను. ఎక్స్‌టర్ గురించి మాట్లాడను.

మీ మాటిజ్ రూపం ఇటలీలో జుజారో సంస్థది. దాని మూలం ఫియట్ కోసం చేసిన లుచ్చోలా అనే నమూనా. ఫియట్ తీసుకోలేదు, దేవూ తీసుకుంది. గుండ్రటి దీపాలతో నవ్వే ఆ కారుతో ఇన్నేళ్లు గడిపిన మనిషికి ఇవాళ్టి షోరూంలో ఏదీ నచ్చకపోవడంలో వింత లేదు.


జవాబు: మైలాపూరు ఎత్తుకారు

డైమేకర్ గారూ, ఎక్స్‌టర్ గురించి మీరు మాట్లాడకపోతే నేను మాట్లాడతాను. కారు ముందు కూర్చోవడానికి, తర్వాత చూడటానికి. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పి. తక్కువ ఎత్తున్న కారులోంచి ఆవిడను దించాలంటే ఇద్దరం పట్టుకోవాలి. ఎత్తు కారులోంచి ఆవిడే దిగి, నాకంటే ముందు కపాలీశ్వరుడి గుడిలోకి వెళ్లిపోతారు. మీరు మెచ్చిన ఆల్ట్రోజ్‌లో వెనక తలుపు పిడి ఇంకా కిటికీ పక్కన స్తంభంలోనే ఉంది. ఆవిడకు అది కనబడదు, కనబడినా అందదు. ఆ అందం ఎవరికి?

1998లో ఇరుంగాట్టుకోట్టై నుంచి శాంత్రో వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు. ఎత్తుగా ఉంది, వంకరగా ఉంది, డబ్బా అన్నారు. ఏమైంది? తలపాగా పెట్టుకున్నవాళ్లు, పట్టుచీరల వాళ్లు, ముసలివాళ్లు హాయిగా ఎక్కి కూర్చున్నారు, ఊరంతా అదే కారైంది. వ్యాగన్ ఆర్ వెడల్పు 1620, ఎత్తు 1675. వెడల్పు కంటే ఎత్తే ఎక్కువ! అలాంటి కారు అందంగా ఉండాలని ఎవరూ ప్రయత్నించలేదు, అందుకే నాకు ముచ్చటేస్తుంది. ఎక్స్‌టర్ కూడా పెద్ద బండి వేషం కడుతోంది, కాదనను. కానీ ఎత్తు 1631, నుదురు నిటారుగా, కిటికీలు పెద్దవి. హెచ్ ఆకారపు దీపాలు మొదట నాకూ చిరాకు తెప్పించాయి, ఇప్పుడు వాటిని చూసే మా అబ్బాయి దూరం నుంచి కారును గుర్తుపడతాడు.

సైరోస్ చూశారా? అందరూ తిట్టే ఆ నిలువు దీపాలు నాకు నచ్చాయి. కనీసం కనుబొమలు ముడివేయలేదు. ఇంకా ధైర్యం ఉంటే కామెట్. పొడవు 2974 మిల్లీమీటర్లు, రెండే తలుపులు. మాడవీధిలో రెండు స్కూటర్ల చోటు దొరికితే చాలు.


జవాబు: పెరంబూరు మాటిజ్

అన్నీ నాన్నకు చదివి వినిపించాను. డైమేకర్ గారి జవాబు రెండుసార్లు చదివించుకున్నారు. మైలాపూరు అక్కా, అమ్మ మీ పక్షం. కానీ ఎక్స్‌టర్ వెనక నిలబడి నాన్న అడిగిన ప్రశ్నకు అమ్మ దగ్గర జవాబు లేకపోయింది: "ఇంత ఎత్తు కారుకు ఇంత సన్నని చక్రాలా?"

నాన్న డైమేకర్ గారిని ఒకటి అడగమన్నారు. పాత కార్లకు పైకప్పు అంచున నీళ్లు పోయే చిన్న గాడి బయటికి ఉండేది. ఇప్పుడు అది లేదు. వానలో తలుపు తీస్తే పైనుంచి ధార సీటు మీదే పడుతోంది. ఆ గాడి ఉండే చోట ఒక నల్ల పట్టీ వేశారు. "దాని కింద నా వెల్డింగ్ చుక్కలే ఉంటాయి కదా?" అని అడుగుతున్నారు. నాన్న వెల్డింగ్ చేసింది రైలు పెట్టెలకే, అయినా చుక్క ఎక్కడ కనిపించినా తనదేనంటారు.


జవాబు: అంబత్తూరు డైమేకర్

వారిదేనని చెప్పండి. పక్క రేకు, పైకప్పు రేకు అక్కడే కలుస్తాయి. రెండంచులను లోతైన గాడిలోకి దించి చుక్కల వెల్డింగ్ వేసి, పైన ఆ పట్టీ కప్పుతారు. పాత గాడి కూడా అతుకే, అయితే రెక్కలా బయటికి వంచి ఉండేది. గాలికి అడ్డం, చూపుకు పాతకాలం అని లోపలికి మళ్లించారు. పని మాత్రం పూర్తిగా మానలేదు, నీళ్లు ఆ సందులోంచి ముందుకూ వెనక్కూ పోతాయి. తలుపు తెరిచినప్పుడు వచ్చే ధార మాత్రం మనకు మిగిలింది. మన అక్టోబరు వానలు తెలిసినవాడు ఎవడూ ఆ రెక్కను తీసేసి ఉండడు.

చక్రాల గురించి వారన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కారు గీసేటప్పుడు పై వేరియంటుకు పెట్టే చక్రాలతో గీస్తారు. కొనే మనలో చాలామంది కింది వేరియంటు తీసుకుంటాం. స్విఫ్ట్‌నే చూడండి, పైదానికి 15 అంగుళాల అల్లాయ్, కిందిదానికి 14 అంగుళాల ఉక్కు చక్రం. అంగుళమే కదా అనుకుంటాం, కానీ టైరు రబ్బరు మందంగా, లోపలి చక్రం చిన్నగా కనిపిస్తుంది, కారంతా తేలిపోతుంది. షోరూంలో అద్దాల వెనక నిలబెట్టేది ఎప్పుడూ పైదే. మీరు డబ్బు కట్టబోయేదాన్నే చూపించమనండి, లేకపోతే చూసినదొకటి, ఇంటికొచ్చేదొకటి. తర్వాత జీపీ రోడ్డుకు వెళ్లి క్రోము ముక్కలు, చక్రాల మూతలు అతికించుకుని సరిచేద్దామని మాత్రం అనుకోవద్దు. ఆ వీధిలో కార్లకు జరిగేది నేను చూడలేను.

మైలాపూరు అమ్మాయి శాంత్రో గురించి అన్నది ఒప్పుకుంటాను. అది ఎత్తుగా ఉండి, ఎత్తుగానే కనిపించింది. దాచలేదు. నా తగువు ఎత్తుతో కాదు, ఎత్తుకు కట్టిన వేషంతో. హోండా బ్రియో గుర్తుందా? డిక్కీ తలుపు మొత్తం ఒకే గాజు పలక, రేకే లేదు. ఖర్చు తగ్గించడానికి చేసిన పని కళ్ల ముందే ఉంది, అయినా అందంగా ఉంది. జనానికి నచ్చలేదు, నాకు ఇప్పటికీ నచ్చుతుంది.


జవాబు: స్విఫ్ట్ పిచ్చోడు, ఆవడి

డైమేకర్ గారూ, ఒక సందేహం. నా కారు తెలుపు. మీరన్న కుదుపు తలుపు దగ్గర ఎంత వెతికినా కనబడలేదు. పనితనం అంత గొప్పగా ఉందనుకోవచ్చా?


జవాబు: అంబత్తూరు డైమేకర్

తొందరపడకు బాబూ. తెలుపులో ఏదీ కనబడదు. వెలుగు నీడల తేడా తెలుపు మింగేస్తుంది, తప్పులూ కనబడవు, పనితనమూ కనబడదు. మేము రేకును పరీక్షించేటప్పుడు నూనె లాంటిది రాసి, పైన వరుస ట్యూబులైట్ల కింద పెట్టి, ఆ వెలుగు గీతలు ఎక్కడ వంకరపోయాయో చూసేవాళ్లం. మీరు అదే పని వెండి రంగు లేదా బూడిద రంగు కారు మీద చేయవచ్చు. అమ్మా, మీరు కూడా షోరూం లోపల కాకుండా, కార్లు నిలిపే యార్డులో సాయంత్రం ఏటవాలు ఎండలో చూడండి. వెనక చక్రం పక్కన వంగి నిలబడి, ఒక కన్ను మూసి, ముందు దీపం వైపు చూడాలి.


జవాబు: పెరంబూరు మాటిజ్

చిక్కు వచ్చిపడింది. నాన్న తెలుపు తప్ప ఇంకో రంగు ఇంటికి రానివ్వరు. మాకు నీడలో నిలిపే చోటు లేదు, మే నెల ఎండలో ముదురు రంగు కారు ఎక్కలేమంటున్నారు. అది నిజమే. ఆల్ట్రోజ్ భుజం రేఖ నాకు చాలా నచ్చింది, నాన్నకు దాని తలుపు మోత నచ్చింది. తెలుపు కొంటే ఆ రేఖ దండగేనా?


జవాబు: అంబత్తూరు డైమేకర్

సగం దండగే. తెలుపే ఖాయమైతే నా తీర్పు మారుతుంది. తెల్ల కారులో మిగిలేది బయటి ఆకారం, కిటికీల ఆకారం, చక్రాలు నిలబడిన తీరు. లోపలి గీతలకు పని లేదు. ఆ లెక్కన స్విఫ్ట్ ముందుకొస్తుంది. నల్ల స్తంభాలు, వెనక నిండుదనం తెలుపులో ఇంకా స్పష్టంగా తెలుస్తాయి. 15 అంగుళాల చక్రాలున్న వేరియంటుకు డబ్బు సరిపోతేనే సుమా. సరిపోకపోతే తెల్ల ఆల్ట్రోజ్ తీసుకోండి, నాన్నగారి మోతైనా దక్కుతుంది.

ఇంకొకటి. రెండు కార్లనూ తెలుపులోనే పక్కపక్కన చూడటం షోరూంలో కుదరదు. పెరంబూరులో ఏ అపార్టుమెంటు కింద చూసినా రెండూ దొరుకుతాయి, వాచ్‌మన్‌కు ముందే చెప్పి వెళ్లండి. నాన్నగారు పరాయి కారు తలుపు మీద వేలితో కొడుతుంటే దొంగ అనుకుంటాడు.